అంకెలు మాత్రం

తొంగ్‌యంగ్ రేవు, ఆల్చిప్పల సహకార సంఘం, రెండో అంతస్తు.
మెట్ల మీద కూడా చిప్పల వాసన.
నా సంచిలో ఒక పెన్‌డ్రైవు, పై ఆఫీసు కాగితం:
పదకొండు కంప్యూటర్లు, సాయంత్రానికల్లా
నువ్వు ఎక్కడా ఉండకూడదు.

నేనేం నీ అభిమానిని కాదు.
నీ నత్తనడకని తిట్టుకుంటూనే జీతం సంపాదించాను.
అద్దె డబ్బు పంపాలంటే
ముందు ఈ రక్షకుణ్ణి దించుకో అనేదానివి,
దించుకున్నాక వాడికో కాపలావాణ్ణి,
ఆ కాపలావాడికో తాళాన్ని,
అన్నీ అయ్యాక కిటికీలన్నీ మూసి మళ్ళీ మొదట్నుంచి రమ్మనేదానివి.
పెళ్ళికి పిలిచి గుమ్మంలోనే ఆరుసార్లు కాళ్ళు కడిగించినట్టు.

అయినా తెర మూలన
వడ్డాణం పక్కకి జారిన ఆ నీలం అక్షరాన్నే
ఇక్కడ అందరూ ఇంటర్నెట్ అన్నారు,
తలుపు సందులోంచి కనిపించిందే సముద్రమనుకునే పిల్లల్లా.

పది యంత్రాలు గంటన్నరలో అయిపోయాయి.
పదకొండోది మా సున్‌రే గారిది.
పదిహేనేళ్ళు చిప్పలు ఒలిచి, ఆ తర్వాత లెక్కల్లోకి వచ్చారు.
బొటనవేలి మీద కత్తి గాట్లు, కొట్టివేతలున్న చిట్టాలా.
"ఒక్క నిమిషం ఆగండి," అని నిన్ను తెరిచారు.

ఆకుపచ్చ పేజీ. ఆరుతూ వెలుగుతూ ఎర్ర అక్షరాలు.
ఆటుపోట్ల పట్టిక, తిథుల లెక్కన,
ఏ ఏడాదికైనా పనికొచ్చేది.
తిథికొక మాట పక్కన: ఇవాళ నీళ్ళు బద్ధకిస్తాయి,
రేపు తాళ్ళు గట్టిగా కట్టండి.
రాసినవాడు బ్యొన్ తెగూ, ఇక్కడి గుమస్తా, పోయి తొమ్మిదేళ్ళు.
అట్టడుగున చిన్న గడి: మీరు 7,306వ అతిథి.

రోజుకొక్కసారే తెరుస్తారట సున్‌రే గారు.
గోడ క్యాలెండర్లో పెన్సిలుతో ఆ అంకె వేసుకుంటారు.
"ఎప్పుడన్నా ఒకరోజు," అన్నారు, "రెండు పెరుగుతుంది."
అంతే అన్నారు. నేనూ అడగలేదు.
కింద ఎవరో బుట్ట బోర్లించిన చప్పుడు.

ధైర్యం చెబుదామని
కొత్తదానిలో అదే చిరునామా కొట్టి చూపించాను.
పెట్టెలు. ప్రశ్న గుర్తులు.
నీళ్ళ బద్ధకం పోయింది, తాళ్ళు పోయాయి, తెగూ పేరు పోయింది.
కొత్త చెప్పు కరుస్తుందంటారు గానీ
ఇది కరవనైనా లేదు, కాలినే గుర్తుపట్టలేదు.

"ముసలిది," అన్నారామె నిన్ను చూస్తూ.
"ఈ చదువు దానికొక్కదానికే వచ్చు."

నీ తాళాలు తుప్పుపట్టాయి, నీ ఇల్లు దొంగలకి సత్రం,
ఇవన్నీ చెప్పడానికే వచ్చాను. గొంతు దాటలేదు.
నిజంగా తొలగించాలా? అని తెర అడిగింది.
మౌసు ఆమె చేతిలోనే ఉంది. ఆమే నొక్కారు.
ఆ తర్వాత ఇసుక గడియారం.
పోయేటప్పుడు కూడా ఆలస్యమే చేశావు,
ఈసారి ఎవరూ విసుక్కోలేదు.

రాత్రి పడవ కోసం ఆగి, ఫోనులో మళ్ళీ చూశాను.
అవే పెట్టెలు, వరసలు వరసలుగా, ఒలిచేసిన చిప్పల్లా.
కళ్ళు అలవాటు పడ్డాక
తిథి పక్కన గంట, గంట పక్కన నిమిషం,
చెక్కుచెదరలేదు ఒక్కటీ.
మాటల్ని తిన్నది అంకెల జోలికి పోలేదు.
ఎనిమిదీ పదికి పోటు, అంది.
రేవు గోడ మీద నాచు గీత దాకా వచ్చి
నీళ్ళు ఆగాయి. టైము చూశాను. ఎనిమిదీ పన్నెండు.

అట్టడుగు గడిలో, రెండు పెట్టెల మధ్య: 7,309.

ఆమెది ఒకటి. నావి రెండు.
మళ్ళీ లెక్కపెట్టాను, వేళ్ళ మీద.
ఇంకొకటి ఎవరిదో మిగిలింది.
సున్‌రే గారి నంబరు వెతుక్కుంటూ పడవెక్కాను.